పోర్ట్ ఫార్వార్డింగ్ కోసం టీపీ-లింక్ ఆర్చర్ సీ6 కొనొచ్చా? ముందు మీ ఇంటి తెల్ల డబ్బా చూడండి

నమస్తే అండీ. టేబుల్ మీద ఉన్నది టీపీ-లింక్ ఆర్చర్ సీ6 వైఫై రౌటర్. పాత మోడలే. దీని స్పీడ్ టెస్టులు, అన్‌బాక్సింగులు యూట్యూబ్‌లో బోలెడున్నాయి, వాటి జోలికి నేను పోను. ఇవాళ ఒక్క పని కోసమే దీన్ని చూద్దాం. పోర్ట్ ఫార్వార్డింగ్.

ఎవరికి కావాలిది? అమ్మానాన్న తణుకులోనో జనగామలోనో ఉంటారు. ఇంటికి నాలుగు కెమెరాలు పెట్టించారు, వాటి రికార్డింగ్ డబ్బా, అదే డీవీఆర్, టీవీ స్టాండ్ కింద పడుంది. కొడుకు డల్లాస్‌లో కూర్చుని గేటు దగ్గర ఎవరున్నారో చూడాలంటాడు. లేదంటే మీవాడు ఇంట్లో పాత కంప్యూటర్ మీద మైన్‌క్రాఫ్ట్ సర్వర్ పెట్టాడు, ఫ్రెండ్స్ వాళ్ల వాళ్ల ఇళ్ల నుంచి అందులోకి రావాలి. రెండు చోట్లా చిక్కు ఒకటే. బయటి నుంచి తనంతట తాను వచ్చిన కనెక్షన్‌ని రౌటర్ లోపలికి రానివ్వదు. లోపల పది పరికరాలున్నాయి, ఇది దేనికొచ్చిందో దానికి తెలీదు కదా. ప్రతి కనెక్షన్ మీదా అది ఏ ప్రోగ్రామ్ కోసమో చెప్పే నంబరు ఉంటుంది, అదే పోర్ట్. "8000 పోర్ట్ మీద వచ్చిందంటే డీవీఆర్‌కి పంపు" అని మనం ఒక రూల్ రాసిపెట్టాలి. అంతే పోర్ట్ ఫార్వార్డింగ్ అంటే.

రూల్ రాయడం రెండు నిమిషాల పని. కానీ రౌటర్ కొనేముందే ఒకటి తేల్చుకోవాలి. అది తేల్చుకోకుండా కొంటే రూల్ ఎంత కరెక్టుగా రాసినా పనిచేయదు.

మీ ఇంట్లో ఫైబర్ వాళ్లు పెట్టిన తెల్ల డబ్బా ఉంటుంది. మనం మోడెమ్ అంటాం, వాళ్లు ఓఎన్‌టీ అంటారు. బ్రౌజర్లో 192.168.1.1 కొట్టండి, జియో వాళ్లదైతే 192.168.29.1. లాగిన్ అయ్యాక స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ అని ఒక లైన్ ఉంటుంది, అంటే ఇంటర్నెట్ వైపు ఆ డబ్బాకున్న అడ్రస్. దాన్ని కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు గూగుల్‌లో "వాట్ ఈజ్ మై ఐపీ" అని వెతకండి. నాలుగు అంకెల గుంపులతో వచ్చే ఐపీ చూడండి. అక్షరాలు కలిసిన పొడుగాటిది వస్తే అది ఐపీవీ6, దాని సంగతి తర్వాత. రెండూ ఒకటే అయితే మీ పంట పండినట్టే. వేరైతే, డబ్బాలో ఉన్నది దేంతో మొదలవుతోందో చూడండి. 10తో మొదలైనా, 172.16 నుంచి 172.31 మధ్య ఉన్నా, 100.64 నుంచి 100.127 మధ్య ఉన్నా మీరు సీజీ న్యాట్ వెనకాల ఉన్నారు.

ఇదేంటంటారా? నాలుగు అంకెల గుంపులుండే ఐపీవీ4 అడ్రసులు మొత్తం 430 కోట్ల లోపే. ప్రపంచానికి పంచే ఐయానా దగ్గర 2011 ఫిబ్రవరిలోనే స్టాకు అయిపోయింది. దాంతో కంపెనీలు ఒక పబ్లిక్ ఐపీ, అంటే బయటి ప్రపంచానికి కనపడే అడ్రస్, తీసుకుని చాలామంది కస్టమర్లకి కలిపి వాడటం మొదలెట్టాయి. ఇలా ఒక ఐపీని చాలామందికి పంచడమే న్యాట్. ఇంట్లో రౌటర్ చేసేదీ అదే, కంపెనీ చేస్తే సీజీ న్యాట్. ఆ పని కోసమే 2012లో 100.64 బ్లాకుని విడిగా కేటాయించారు. ఒకే డోర్ నంబర్ మీద వీధి వీధంతా ఆధార్ కార్డులు తీసుకున్నట్టన్నమాట. బయటికి ఉత్తరం రాయడానికి ఇబ్బంది లేదు. పోస్ట్‌మ్యాన్ వస్తేనే తంటా. యూట్యూబ్ చూడటానికి, పేమెంట్లకి ఏ లోటూ తెలీదు గానీ, బయటి నుంచి మీ ఇంటికి కనెక్షన్ రావాలంటే మాత్రం అది కంపెనీ వాళ్ల న్యాట్ దగ్గరే ఆగిపోతుంది. మీ రూల్ దాకా రానే రాదు. అక్కడ రూల్ రాయడం మన చేతిలో లేదు.

అలాంటప్పుడు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "పోర్ట్ ఫార్వార్డింగ్ పనిచేయట్లేదండీ" అనకండి. డబ్బా రీస్టార్ట్ చేయమంటారు, అక్కడితో సరి. "నాకు పబ్లిక్ ఐపీ కావాలి, స్టాటిక్ అయినా పర్లేదు, ఛార్జ్ ఎంత?" అని సూటిగా అడగండి. స్టాటిక్ అంటే మారకుండా ఉండేది. మన ఊళ్లలో ఫైబర్ చాలావరకు కేబుల్ ఆపరేటర్ ద్వారానే వస్తుంది కాబట్టి ముందు ఆయన్నే అడగడం మంచిది. కొందరు ఇస్తారు, కొందరు బిజినెస్ ప్లాన్ తీసుకోమంటారు, కొందరు కుదరదనేస్తారు. కుదరదంటే ఈ రౌటర్ ఈ పనికి మీరు కొనక్కర్లేదు. మీకు వేరే దారి చివర్లో చెప్తాను.

సరే, పబ్లిక్ ఐపీ ఉందనుకుందాం. ఆర్చర్‌ని తెచ్చి తెల్ల డబ్బా వెనక తగిలించారు. ఇప్పుడు ఆర్చర్ స్టేటస్‌లో వ్యాన్ ఐపీ చూస్తే 192.168.1.5 లాంటిది కనపడుతుంది. అంటే రెండు డబ్బాలూ న్యాట్ చేస్తున్నాయి, డబుల్ న్యాట్. శుభ్రమైన పద్ధతి ఏంటంటే, ఆపరేటర్‌ చేత తెల్ల డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే న్యాట్ చేయకుండా కనెక్షన్‌ని నేరుగా ఆర్చర్‌కి పంపేలా పెట్టించి, మీ నెట్ కనెక్షన్ లాగిన్, అంటే పీపీపీఓఈ యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ ఆర్చర్‌లో ఇవ్వడం. కొన్ని చోట్ల వీల్యాన్ ఐడీ అనే నంబరు కూడా కావాలి, అది ఆయన్ని అడిగి అప్పుడే రాయించుకోండి, మళ్లీ దొరకడు. బ్రిడ్జ్ కుదరకపోతే తెల్ల డబ్బాలో డీఎంజెడ్ అని ఉంటుంది, అక్కడ ఆర్చర్ ఐపీ ఇస్తే వచ్చిందంతా దీని దగ్గరికి తోసేస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి. డీఎంజెడ్‌లో రౌటర్‌ని పెట్టొచ్చు గానీ డీవీఆర్‌ని, కంప్యూటర్‌ని పెట్టకూడదు. అలా పెడితే దాని పోర్టులన్నీ తెరిచినట్టే.

ఇప్పుడు ఆర్చర్ మెనూ. స్క్రీన్ మీద చూడండి. అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ముందు నెట్‌వర్క్, డీహెచ్‌సీపీ సర్వర్. ఇంట్లో పరికరాలకి ఐపీలు పంచేది ఇదే. కింద అడ్రస్ రిజర్వేషన్ ఉంది. డీవీఆర్ మ్యాక్ అడ్రస్‌కి, అంటే ఆ పరికరం గుర్తింపు నంబరుకి, ఒక ఐపీ ఖాయం చేయండి, ఉదాహరణకి 192.168.0.50. చాలా వీడియోల్లో ఈ ముక్క వదిలేస్తారు. వారం తర్వాత కరెంటు పోయి వచ్చాక డీవీఆర్‌కి ఇంకో ఐపీ వస్తుంది, రూల్ పాత ఐపీకే పంపుతుంటుంది. "నిన్నటిదాకా పనిచేసిందండీ" అనే గోల చాలాసార్లు ఇదే.

తర్వాత న్యాట్ ఫార్వార్డింగ్. సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ని బట్టి లోపల పోర్ట్ ఫార్వార్డింగ్ అనో వర్చువల్ సర్వర్స్ అనో ఉంటుంది, రెండూ ఒకటే. యాడ్ కొడితే ఈ చిన్న ఫారం వస్తుంది. పేరు మీ ఇష్టం. ఎక్స్‌టర్నల్ పోర్ట్ అంటే బయటి నుంచి వచ్చేది, ఇంటర్నల్ అంటే పరికరం వింటున్నది. హిక్‌విజన్ డీవీఆర్‌కి సర్వర్ పోర్ట్ మామూలుగా 8000, డాహువాకి 37777. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌కి 25565, టీసీపీ. బెడ్‌రాక్ ఎడిషన్ అయితే 19132, అది యూడీపీ. టీసీపీ, యూడీపీ అంటే డేటా పంపే రెండు పద్ధతులు. టీసీపీ పెట్టి యూడీపీ రావట్లేదని జుట్టు పీక్కోకండి. తేడా తెలియనప్పుడు ఆల్ పెట్టమంటారు అందరూ. నాకైతే నచ్చదు, కావల్సిందే తెరవండి.

ఈ పేజీకి నేను మంచి మార్కులే ఇస్తాను. పరికరాల లిస్టు అక్కడే తెరుచుకుంటుంది, ఐపీ చేత్తో కొట్టే పని లేదు. ఇదే పని ఆపరేటర్లు ఇచ్చే చాలా డబ్బాల్లో చేయాలంటే పోర్ట్ మొదలు, పోర్ట్ ముగింపు, వ్యాన్ కనెక్షన్ పేరు, రిమోట్ హోస్ట్ అంటూ ఎనిమిది గడులు. పైగా కొన్నిట్లో మనకిచ్చే లాగిన్‌కి ఆ మెనూనే కనపడదు.

టెస్ట్ చేసేటప్పుడు ఫోన్‌లో వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద చేయండి. ఇంటి వైఫైలోనే ఉండి మన పబ్లిక్ ఐపీ కొడితే కొన్ని రౌటర్లలో పనిచేయదు, బయట బాగానే ఉన్నా మీరు చెడిపోయిందనుకుంటారు. ఆన్‌లైన్ పోర్ట్ చెకర్లు కూడా ఉన్నాయి, కానీ లోపల సర్వర్ ఆన్‌లో ఉంటేనే అవి ఓపెన్ అని చూపిస్తాయి. కంప్యూటర్ అయితే విండోస్ ఫైర్‌వాల్‌లో కూడా అనుమతివ్వాలి. ఐపీ స్టాటిక్ కాకపోతే అది మారిపోతుంటుంది కాబట్టి మారే ఐపీకి ఒకే పేరు ఇచ్చే డైనమిక్ డీఎన్ఎస్ సర్వీసు పెట్టుకోండి, ఆర్చర్‌లోనే నో-ఐపీ ఆప్షన్ ఉంది.

అసలు నేను ఈ వీడియో చేసింది ఇప్పుడు చెప్పబోయే దాని కోసం. పోర్ట్ తెరిచారంటే అది మీ అబ్బాయి ఒక్కడికే తెరిచినట్టు కాదు. ఇంటర్నెట్ మొత్తాన్నీ పగలూ రాత్రీ స్కాన్ చేసే యంత్రాలున్నాయి. షోడాన్ అని ఒక సెర్చ్ ఇంజన్ 2009 నుంచీ ఉంది, ఏ ఐపీలో ఏ కెమెరా బయటికి కనపడుతోందో అందులో వెతుక్కోవచ్చు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఏం చేసింది? ఫ్యాక్టరీ నుంచి వచ్చే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు అరవై చిల్లర పట్టుకుని కనపడ్డ కెమెరాలన్నిట్లో, డీవీఆర్లన్నిట్లో ప్రయత్నించింది. ఆ సైన్యంతోనే ఆ అక్టోబర్ 21న డైన్ అనే డీఎన్ఎస్ కంపెనీ (వెబ్‌సైట్ పేరుని ఐపీగా మార్చిపెట్టేది) మీద పడితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి తడబడ్డాయి. అందులో పాల్గొన్న కెమెరాల ఓనర్లకి ఆ సంగతే తెలీదు.

నా పాస్‌వర్డ్ గట్టిదేనండీ అంటారా? 2021 సెప్టెంబర్‌లో హిక్‌విజన్ పరికరాల్లో ఒక లోపం బయటపడింది, నంబర్ సీవీఈ-2021-36260. దానికి పాస్‌వర్డే అక్కర్లేదు. కెమెరా వెబ్ పోర్ట్ బయటికి కనపడితే చాలు, లోపలికి దూరి పూర్తిగా చేతిలోకి తీసుకోవచ్చు. కంపెనీ అప్‌డేట్ ఇచ్చింది. మన ఊళ్లో డీవీఆర్ పెట్టినాయన మళ్లీ వచ్చి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసింది ఎప్పుడైనా చూశారా? ఇక 8000 బదులు 48213 పెడితే కనపడదనేది వట్టి భ్రమ. ఉన్నవే 65535 పోర్టులు, అన్నీ తట్టి చూడటం యంత్రానికి పెద్ద పని కాదు.

అందుకని కెమెరాలకి పోర్ట్ ఫార్వార్డింగ్ వద్దంటాను. ఈ రౌటర్లోనే ఓపెన్‌వీపీఎన్ సర్వర్ ఉంది, బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన సొరంగం లాంటిది, కొనేముందు మీ వెర్షన్‌లో ఉందో లేదో చూసుకోండి. దాన్ని ఆన్ చేసి, అది ఇచ్చే సెట్టింగ్స్ ఫైల్ ఫోన్‌లో వేసుకుంటే, ఫోన్ ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్నట్టే. డీవీఆర్ బయటికి అస్సలు కనపడదు. సీజీ న్యాట్ వెనక ఉండిపోయినవాళ్లకి అది కూడా కుదరదు కాబట్టి టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ సర్వీసు చూడండి. ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక కంప్యూటరో, రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటరో కావాలి. రెండు వైపులా బయటికే కనెక్ట్ అవుతాయి కాబట్టి పబ్లిక్ ఐపీతో పనిలేదు. అంత ఓపిక లేకపోతే డీవీఆర్ కంపెనీ యాప్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చూసుకోండి. మీ వీడియో వాళ్ల సర్వర్ల మీద ఆధారపడుతుంది, ఆ మాత్రం తెలిసి వాడండి. ఇందాక వదిలేసిన ఐపీవీ6 సంగతి: అందులో ప్రతి పరికరానికీ సొంత అడ్రస్ ఉంటుంది. న్యాట్ గొడవ లేదు, రౌటర్ ఫైర్‌వాల్‌లో అనుమతిస్తే చాలు. కాకపోతే అవతలి వాళ్లకీ ఐపీవీ6 ఉండాలి.

మరి ఆర్చర్ సీ6 కొనొచ్చా? పబ్లిక్ ఐపీ ఉండి, గేమ్ సర్వర్ కోసమో, వీపీఎన్ కోసమో అయితే కొనండి. కేబుల్ పెట్టుకోవడానికి గిగాబిట్ పోర్టులున్నాయి, మెనూ అర్థమవుతుంది. యూఎస్‌బీ లేదు, హార్డ్ డిస్క్ పెట్టుకోవాలనుకునేవాళ్లకి ఇది కాదు. ఒక్క కెమెరాలు చూడటానికే అయితే డబ్బులు దండగ, ఉన్న డబ్బాతోనే, డీవీఆర్ కంపెనీ యాప్‌తోనో టెయిల్‌స్కేల్‌తోనో పనైపోతుంది. తెచ్చాక యూపీఎన్‌పీ పేజీ ఒకసారి తెరవండి, అది ఆన్‌లోనే వస్తుంది. మిమ్మల్ని అడక్కుండా ఏ పరికరం ఏ పోర్ట్ తెరుచుకుందో అక్కడ లిస్టు ఉంటుంది. అవసరం లేకపోతే ఆపేయండి. సెలవులైపోయి మైన్‌క్రాఫ్ట్ ఆట ముగిసిందా, రూల్ పక్కన బల్బు బొమ్మో స్విచ్చో ఉంటుంది, అది నొక్కితే రూల్ ఆగిపోతుంది. దసరాకి మళ్లీ ఆన్ చేసుకోవచ్చు.