ఎడమ చెవిలో సౌండ్ తగ్గితే పారేయకండి: నా పాత ఈఆర్-4పీకి ఫిల్టర్ మారుద్దాం

అందరికీ నమస్కారం. కావలిలో మా ఇంట్లో, ముందు గదిలో కూర్చుని మాట్లాడుతున్నా. ఫ్యాన్ ఆపేశాను, కిటికీలు మూసేశాను. కాసేపట్లో రెండు చిన్న శబ్దాలు మీకు మైకులో వినిపించాలి, అందుకని.

ఇదిగో, నా అరచేతిలో ఉంది చూడండి. ఎటిమోటిక్ ఈఆర్-4పీ, చెవి లోపలికి పెట్టుకునే వైరు ఇయర్‌ఫోన్. 2010 సంక్రాంతికి మా బావ అమెరికా నుంచి వస్తూ తెచ్చి ఇచ్చాడు. ఊరికే తెచ్చింది కాదు, నేను డబ్బులు కట్టి తెప్పించుకున్నదే. అప్పట్లో నెల్లూరులో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాసేవాడిని. నెలన్నర జీతం దీనికే పోయింది. మా నాయన డబ్బా మూత తీసి చూసి, "ఇంత డబ్బు పోసి తెప్పించింది ఈ రెండు వడ్లగింజలనేనా?" అన్నాడు. ఆ రాత్రే ఆయన చెవుల్లో పెట్టి ఘంటసాల గారి పద్యం ఒకటి వినిపించాను. పద్యం అయిపోయేదాకా ఆయన కదల్లేదు. అయిపోయాక డబ్బు ఊసెత్తలేదు, ఇంకొకటి పెట్టమన్నాడు.

అప్పటినుంచి ఇప్పటిదాకా ఇదే. మధ్యలో బ్లూటూత్‌వి నాలుగైదు వచ్చాయి, పోయాయి. బ్యాటరీ అయిపోతే వాటి కథ అయిపోతుంది. దీనికి బ్యాటరీ లేదు. వైరు పాడైతే వైరు మారుతుంది, రబ్బరు పాడైతే రబ్బరు మారుతుంది, లోపల ఫిల్టర్ మూసుకుపోతే ఫిల్టర్ మారుతుంది. ఈరోజు వీడియో ఆ ఫిల్టర్ గురించే.

ముందు సమస్య ఏమిటో వినండి. ఒకే పాట, ఒకే వాల్యూమ్. కుడి పక్కది మైకు దగ్గర పెడుతున్నా. విన్నారా? ఇప్పుడు ఎడమ పక్కది. చూశారా, సౌండ్ తగ్గింది. తగ్గడమే కాదు, "స" అనే అక్షరం, తాళం అంచు, వయొలిన్ మీద విల్లు గీసే గరుకు, ఇవన్నీ మసకబారాయి. ఇలా అయితే చాలామంది లోపల స్పీకర్ పోయిందనుకుంటారు. నేనూ అలాగే అనుకుని 2013 వానాకాలం మొత్తం దీన్ని సొరుగులో పెట్టేశాను. మా దగ్గర అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కదా, ఆ మూడు నెలలూ పాటల్లేవు. సంక్రాంతికి ఇల్లు సర్దుతుంటే దీని డబ్బాలో ఉన్న చిన్న పుస్తకం చేతికొచ్చింది. అందులో ఫిల్టర్ మార్చడం బొమ్మలతో సహా ఉంది. ఐదు నిమిషాల పని. ఆ రోజు ఎడమ చెవిలోకి పాట తిరిగొచ్చినప్పుడు కలిగిన సంతోషం నాకు ఇప్పటికీ గుర్తే. మీలో ఎవరి సొరుగులోనైనా ఇలాంటిది పడి ఉంటే బయటికి తీయండి.

పని మొదలుపెట్టే ముందు ఇది ఏ జాతిదో రెండు మాటలు చెప్పాలి. లోపల ఏముందో తెలిస్తే చెయ్యి జాగ్రత్తగా ఆడుతుంది.

ఈఆర్-4 మొదట వచ్చింది 1991లో. ఐపాడ్ రావడానికి ఇంకా పదేళ్లుంది. దీన్ని తయారుచేసిన మీడ్ కిలియన్ గారు వినికిడి శాస్త్రంలో పనిచేసిన మనిషి. 1983లో షికాగో దగ్గర ఎటిమోటిక్ రీసెర్చ్ మొదలుపెట్టారు. చెవి పరీక్షలప్పుడు చెవిలో పెట్టే ఇన్సర్ట్ ఇయర్‌ఫోన్లు, కచేరీలు చేసేవాళ్లకు ఇయర్‌ప్లగ్‌లు, ఇలాంటివి చేసే చోట పుట్టింది ఇది. "ఎటిమోటిక్" అంటే చెవికి నిజంగా చేరేది అనే అర్థం వచ్చేలా పెట్టుకున్న పేరు. మన చెవి ముందు ఏమీ అడ్డం లేకుండా పాట వింటే కర్ణభేరి దగ్గరికి ఎలా చేరుతుందో, ఇది పెట్టుకున్నా అలాగే చేరాలన్నది వాళ్ల లెక్క. అందుకే మొదటిసారి పెట్టుకున్నవాళ్లు కొందరు "బేస్ ఏది?" అంటారు. బేస్ ఉంది. పాటలో ఎంత వేశారో అంతే ఉంది. మృదంగం ఎడమ పక్క నుంచి వచ్చే "ధోం" శబ్దం గుండెల మీద గుద్దదు, కానీ అది చర్మం మీద మోగిన శబ్దమని స్పష్టంగా తెలుస్తుంది. నాకు అది చాలు.

లోపల ఒక్కటే డ్రైవర్, అంటే శబ్దం పుట్టించే చిన్న స్పీకర్. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అంటారు, వినికిడి యంత్రాల్లో వాడే రకం. అయస్కాంతాల మధ్య సన్నటి లోహపు రేకు, దాని చుట్టూ తీగ చుట్ట. కరెంటు పారితే రేకు అదురుతుంది, ఆ అదురును ఒక చిన్న పుల్ల పల్చటి పొరకు అందిస్తుంది. ఆ శబ్దం ఈ సన్నటి గొట్టంలో నుంచి బయటికి వస్తుంది. కెమెరా దగ్గరికి తెస్తున్నా, గొట్టం చివర చూడండి. ఆవగింజంత ముక్క కనపడుతోందా? అదే ఫిల్టర్.

చాలామంది దాన్ని మురికిని ఆపే జల్లెడ అనుకుంటారు. ఆ పని కూడా చేస్తుంది గానీ, అసలు పని వేరే. ఏ సన్నటి గొట్టంలోనైనా ఏదో ఒక స్వరం మిగతావాటికంటే గట్టిగా మోగుతుంది. దాన్ని అదిమి మిగతావాటితో సమానం చేసేది ఈ ముక్క. కాబట్టి మూసుకుపోయిందని సూదితో పొడిచి బొక్క పెట్టకండి. సౌండ్ పెరుగుతుంది, కానీ పాట కీచుగా మారి చెవిలో గుచ్చుకుంటుంది. అసలు తీసేసి వినడం కూడా వద్దు, చెవి గుబిలి నేరుగా డ్రైవర్ దాకా పోతుంది.

సరే, పని చేద్దాం. చేతులు సబ్బుతో కడుక్కుని తడి లేకుండా తుడుచుకోండి. కింద తెల్ల గుడ్డ పరుచుకోండి. ఈ ఫిల్టర్ కిందపడితే గచ్చు మీద వెతకడం చాలా కష్టం. నేను మా నాయన పాత పంచె ముక్క వేసుకున్నా.

మొదట ఈ మూడు గొడుగుల రబ్బరు తీయాలి. మొదలు దగ్గర పట్టుకుని కొంచెం కొంచెంగా తిప్పుతూ లాగండి. పక్కకి వంచొద్దు, గొట్టం సన్నగా ఉంటుంది. వచ్చేసింది. రబ్బరును గోరువెచ్చటి సబ్బునీళ్లలో వేస్తున్నా. రబ్బరును మాత్రమే. ఇయర్‌ఫోన్‌కి నీళ్లు తగలకూడదు.

ఇప్పుడు ఇది చూడండి, డబ్బాతోపాటు వచ్చే పనిముట్టు. చివర మరలాగా సన్నటి గాట్లున్నాయి. ఇయర్‌ఫోన్ గొట్టం నేల వైపు ఉండేలా పట్టుకోండి. పైకి పట్టుకుంటే పొడిపొడిగా ఉన్న మురికి లోపలికే రాలుతుంది. పనిముట్టు మొనను ఫిల్టర్ మధ్యలో ఆనించి, మెల్లగా కుడివైపు తిప్పండి. అదమకండి, తిప్పండి. మర ఫిల్టర్‌ని పట్టుకున్నట్టు వేళ్లకు తెలుస్తుంది. ఇదిగో, పట్టుకుంది. ఇప్పుడు తిప్పడం ఆపి తిన్నగా లాగాలి. తిన్నగా... వచ్చేసింది.

ఒక్క నిమిషం, దీన్ని భూతద్దం కింద పెడతా. ఈ అంచు మీద పసుపు రంగులో, ఆరిన జిగురులా ఉన్నది గుబిలి. మధ్యలో ఉన్న సన్నటి వల అసలు కనపడటమే లేదు. మనది సముద్రం పక్క ఊరు, గాలిలో తేమ. చెవిలో చెమట, గుబిలి, రెండూ కలిసి ఇక్కడ చేరతాయి. ఇది వస్తువు లోపం కాదు, వాడితే వచ్చేదే. పక్కన కొత్త ఫిల్టర్ పెడుతున్నా. తేడా చూడండి, దీని వల లోంచి వెలుతురు కనపడుతోంది.

ఒకసారి తీసిన ఫిల్టర్ మళ్లీ పనికిరాదు, మర దాన్ని చీల్చేసి ఉంటుంది. అందుకే కొత్తవి చేతిలో లేకుండా పాతది తీయకండి. కొత్తదాన్ని గొట్టం నోట్లో నిటారుగా నిలబెట్టి, శుభ్రమైన వేలితో లోపలికి నొక్కండి. గొట్టం అంచుతో సమానంగా కూర్చోవాలి. కొంచెం బయటికి ఉంటే వేలికి తగులుతుంది. ఇప్పుడు తగలడం లేదు. అయిపోయింది.

కుడి పక్కది బాగానే ఉంది కదా అని వదిలేయొద్దు. రెండూ ఒకేసారి మార్చండి. ఈ ఇయర్‌ఫోన్ గొప్పతనంలో సగం రెండు చెవులూ సమానంగా పలకడంలో ఉంది. ఒకవైపు కొత్తది, ఒకవైపు ఏడాది పాతది ఉంటే ఆ సమానం పోతుంది. కుడి పక్కది కూడా మార్చేస్తున్నా, అదే పని కాబట్టి వీడియో కొంచెం వేగం పెంచుతా.

రబ్బర్లు కడిగి తీశాను. లోపలి రంధ్రంలో నీటిబొట్టు ఉంటే కొత్త ఫిల్టర్ మీద పడుతుంది. అందుకని పూర్తిగా ఆరాకే తొడగాలి. నేను రాత్రి కడిగి ఆరబెట్టిన ఇంకో జత తొడుగుతున్నా.

ఇక చెవిలో పెట్టుకోవడం. నిజం చెప్పాలంటే ఫిల్టర్ కంటే ఇదే ముఖ్యం. ఈఆర్-4 నచ్చలేదని నాతో అన్న ప్రతి ఒక్కరికీ నేను దగ్గరుండి పెట్టి చూపించాను, అందరూ పైపైనే పెట్టుకుంటున్నారు. పైన ఆనితే గాలి తప్పించుకుపోతుంది, దాంతో బేస్ మొత్తం పోతుంది. రబ్బరును కొంచెం తడి చేయండి. ఎడమ చెవికి పెట్టేటప్పుడు కుడి చేతిని తల వెనక నుంచి తెచ్చి, చెవిని పైకీ వెనక్కీ లాగండి. అప్పుడు చెవి దారి తిన్నగా అవుతుంది. మెల్లగా లోపలికి తోయండి. మూడు గొడుగుల్లో పెద్దది కూడా చెవి నోట్లో కూర్చోవాలి. మొదటి వారం ఇది చాలామందికి ఇబ్బందిగా ఉంటుంది, నాకూ ఉండింది. నొప్పి మాత్రం ఉండకూడదు. నొప్పి ఉన్నా, చెవి కారుతున్నా పెట్టకండి, ముందు డాక్టరుకి చూపించండి. తీసేటప్పుడు కూడా గబుక్కున లాగొద్దు, తిప్పుతూ నిదానంగా తీయండి.

సరిగ్గా కూర్చుందో లేదో తెలియాలంటే చెవి పక్కన వేళ్లు రుద్దండి. ఆ రాపిడి దాదాపు వినపడకపోతే కూర్చున్నట్టే. బాగా కూర్చుంటే బయటి శబ్దాన్ని 35 డెసిబెల్స్ దాకా ఆపుతుంది. నేను రోజూ కావలి నుంచి నెల్లూరు ట్రైన్‌లో వెళ్లినన్నాళ్లూ నాకు ఇదే పెద్ద వరం. బిట్రగుంట, తలమంచి, కొడవలూరు, పడుగుపాడు. పడుగుపాడు దాటి పెన్న బ్రిడ్జి ఎక్కగానే చక్రాల మోత ఒక్కసారిగా మారుతుంది. పక్క సీటువాళ్లు మాటలు ఆపేస్తారు. నా చెవిలో మాత్రం వీణ అదే వాల్యూమ్‌లో సాగుతూ ఉండేది. మోత ఎక్కడో దూరంగా, కాళ్ల కింద అదురులా తెలిసేది.

ఇదే కారణంగా ఒక మాట గట్టిగా చెబుతున్నా. పట్టాలు దాటేటప్పుడు, రోడ్డు మీద, బండి మీద దీన్ని పెట్టుకోకండి. హారన్ వినపడదు. నేను ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టకముందే తీసి జేబులో వేసుకుంటా. ఇంకోటి, బయటి మోత ఆగిపోతుంది కాబట్టి వాల్యూమ్ పెంచాల్సిన పనే లేదు. పెద్దవాళ్లు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటల దాకా వినొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నేను అంతకంటే చాలా తక్కువలోనే వింటా. ఇన్నేళ్లూ ఇంత ఇష్టంగా వినగలిగానంటే అందుకే.

వైరు చొక్కాకి రాసుకుంటే ఆ గరగర చెవిలో వినపడుతుంది. దానికోసం ఇదిగో ఈ క్లిప్, చొక్కాకి పెట్టుకుంటే సరిపోతుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనాలనుకునేవాళ్లు పేరు చివరి అక్షరం చూసుకోండి. ఓమ్ అంటే కరెంటుకి ఎంత అడ్డం ఉందో చెప్పే కొలత. నా 4పీ 27 ఓమ్‌లది, ఫోన్‌తో హాయిగా పలుకుతుంది. 4ఎస్ 100 ఓమ్‌లది, దానికి వాల్యూమ్ ఎక్కువ కావాలి. 4పీకి 75 ఓమ్‌ల అడాప్టర్ వైరు కలిపితే 4ఎస్ లాగా పలుకుతుంది. 2016లో వచ్చిన ఎస్ఆర్, ఎక్స్ఆర్ 45 ఓమ్‌లవి, వాటి వైరు దీనికి సరిపోదు. ఫోన్‌కి పిన్ను రంధ్రం లేకపోతే టైప్-సి నుంచి మార్చే చిన్న వైరు చాలు.

ఇప్పుడు పరీక్ష. పాత తెలుగు పాటలు చాలావరకు మోనో. రెండు చెవుల్లోకీ ఒకే శబ్దం వెళుతుంది కాబట్టి గొంతు సరిగ్గా నుదుటి మధ్యలో నిలబడాలి. నిన్న నాకు అది కుడి కణత వైపు జరిగి ఉండింది. బాలు గారి పాత పాట ఒకటి పెడుతున్నా. నెల్లూరు తిప్పరాజువారి వీధిలో తన ఇంటిని వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేసిన మన బాలు గారు. చరణం మొదలయ్యే ముందు ఒక చిన్న ఊపిరి తీసుకుంటారు. మామూలు స్పీకర్లో అది వాయిద్యాల్లో కలిసిపోతుంది. దీంట్లో ఆ గాలి లోపలికి వెళ్లడం, పెదవులు విడిపోవడం కూడా తెలుస్తాయి. పాతికసార్లు విన్న పాటలో ఆ ఊపిరి దొరికిన రోజు నేను రైల్లో కళ్లు తుడుచుకున్నా.

వచ్చింది. నుదుటి మధ్యలోనే ఉంది.

మీకు కూడా వినిపిస్తా. కుడి పక్కది మైకు దగ్గర. ఇప్పుడు ఎడమ. రెండూ ఒకటే కదా.

పాత ఫిల్టర్లు రెండూ చెత్తలో వేస్తున్నా, పనిముట్టు తుడిచి డబ్బాలో పెడుతున్నా. డబ్బాలో ఎప్పుడూ సిలికా జెల్ పొట్లం ఒకటి ఉంచుతా, తేమ పట్టకుండా. ఫిల్టర్ల కవరు మీద ఈరోజు తేదీ రాశాను. లోపల ఇంకా రెండు జతలున్నాయి.