అదనంగా వచ్చిన డబ్బు, 60 రోజుల గడువు

శ్రోతలకు నమస్కారం.

తప్పుడు బిల్లులతో సర్కారు సొమ్ము కాజేయడం అనగానే మనకు గుర్తుకొచ్చేవి వేయని రోడ్లు, తీయని పూడికలు, మస్టరు రోల్లో కూలి తీసుకుంటున్న చనిపోయినవాళ్ళు. ఆ కథలు మీకు నాకంటే ఎక్కువే తెలిసి ఉంటాయి. ఈ పూట నేను చెప్పేది వేరే రకం. ఇందులో దొంగ బిల్లు రాద్దామని ఎవరూ కూర్చోలేదు. కంప్యూటర్ పొరపాటు వల్ల డబ్బు ఎక్కువ వచ్చింది. ఎక్కువ వచ్చిందని తెలిసింది. తెలిశాక ఏం చేశారన్నదే కథ.

జరిగింది అమెరికాలో, న్యూయార్క్‌లో. అక్కడి ఆసుపత్రుల్లో, మందుల దుకాణాల్లో, ఆసుపత్రి బిల్లులు తయారుచేసే కంప్యూటర్ కంపెనీల్లో మన పిల్లలు ఎంతమంది పనిచేస్తున్నారో మీకు తెలుసు. వాళ్ళ బల్ల మీదికి ఎప్పుడైనా రాగల వ్యవహారం ఇది.

పూర్వకథ రెండు ముక్కల్లో చెప్పి ముందుకు వెళతాను. 1863లో, అంతర్యుద్ధం నడుస్తుండగా, సైన్యానికి నాసిరకం సరుకు అంటగట్టి పూర్తి ధర వసూలు చేసిన కాంట్రాక్టర్ల మీద లింకన్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. మోసం సంగతి తెలిసిన మామూలు పౌరుడే ప్రభుత్వం తరఫున దావా వేయవచ్చు, వసూలైన దాంట్లో వాటా పొందవచ్చు. అది ఫెడరల్ చట్టం, అంటే కేంద్ర ప్రభుత్వానిది. రాష్ట్రాల ఖజానా సంగతి రాష్ట్రాలే చూసుకోవాలి కదా. 1987లో కాలిఫోర్నియా తన సొంత చట్టం తెచ్చుకుంది. న్యూయార్క్ 2007లో తెచ్చుకుంది. ఇప్పుడు దాదాపు 30 రాష్ట్రాలకు ఇలాంటి చట్టాలున్నాయి. కొన్నిచోట్ల వైద్య పథకాల సొమ్ముకే వర్తిస్తాయి, కొన్నిచోట్ల రాష్ట్రం చెల్లించే ప్రతి డాలరుకూ వర్తిస్తాయి. న్యూయార్క్ ఇంకో అడుగు వేసి 2010లో పన్ను ఎగవేతను కూడా అందులోకి తెచ్చింది. ఆ దెబ్బకు స్ప్రింట్ అనే ఫోన్ కంపెనీ అమ్మకపు పన్ను సరిగా కట్టలేదన్న దావాలో 2018లో 33 కోట్ల డాలర్లకు రాజీ పడింది.

ఇన్ని రాష్ట్రాలకు ఒక్కసారిగా ఇంత ధర్మచింత ఎలా పుట్టుకొచ్చింది అంటారా? 2006లో ఫెడరల్ ప్రభుత్వం ఒక ఆశ చూపింది. మా చట్టమంత గట్టి చట్టం మీరూ చేసుకుంటే, మెడికెయిడ్ అనే పేదల వైద్య పథకంలో జరిగే మోసాల్లో రాష్ట్ర చట్టం కింద వసూలయ్యే సొమ్ములో మా వాటా నుంచి మరో 10 శాతం మీకు వదిలేస్తాం అంది. అంతే, శాసనసభల్లో బిల్లులు కదిలాయి. నాకిందులో తప్పేమీ కనిపించదు. మంచి పని ఏ కారణంతో జరిగితేనేం.

ఇక కథ. మెడికెయిడ్ అంటే, మన దగ్గర ఆరోగ్యశ్రీ ఉన్నట్టు, అక్కడ పేదల వైద్యానికి ప్రభుత్వం డబ్బు కట్టే పథకం. ఖర్చు ఫెడరల్ ప్రభుత్వం, రాష్ట్రం కలిసి భరిస్తాయి. న్యూయార్క్‌లో ఈ రోగుల్లో చాలామందిని బీమా సంస్థలకు అప్పగించారు. రాష్ట్రం ఒక్కో మనిషికి నెలకు ఇంత అని బీమా సంస్థకు కడుతుంది. బీమా సంస్థ ఆసుపత్రికి కడుతుంది. అక్కడితో లెక్క సరి. ఆసుపత్రి మళ్ళీ రాష్ట్రం దగ్గరకు వెళ్ళి అడగడానికి వీల్లేదు.

హెల్త్‌ఫస్ట్ అనే బీమా సంస్థ ఆసుపత్రులకు డబ్బుతో పాటు ఒక వివరణ పత్రం పంపుతుంది. 2009లో దాని సాఫ్ట్‌వేర్‌లో లోపం వచ్చింది. ఆ పత్రంలో పడకూడని ఒక కోడ్ పడటం మొదలైంది. మిగతా డబ్బు వేరే చోట అడగవచ్చు అని ఆ కోడ్‌కు అర్థం. ఆసుపత్రి కంప్యూటర్ ఆ కోడ్ చూసింది, బిల్లు తయారుచేసి మెడికెయిడ్‌కు పంపింది. మెడికెయిడ్ కట్టింది. మనిషి చెయ్యి ఎక్కడా పడలేదు. కాంటిన్యుయమ్ హెల్త్ పార్ట్‌నర్స్ అనే సంస్థ కింద ఉన్న ఆసుపత్రులకు ఇలా రాకూడని డబ్బు వచ్చి పడుతూ ఉంది.

2010 సెప్టెంబరులో రాష్ట్ర కంప్ట్రోలర్, అంటే ఖజానా లెక్కలు చూసే అధికారి, ఆడిటర్లకు కొన్ని బిల్లుల మీద అనుమానం వచ్చి ఆసుపత్రులను అడిగారు. ఆ ఏడాది చివరికి లోపం ఎక్కడుందో దొరికింది, సాఫ్ట్‌వేర్ సరిచేశారు. అప్పుడు కాంటిన్యుయమ్ పెద్దలు తమ ఉద్యోగి ఒకరిని పిలిచి, ఈ లోపం వల్ల ఏయే బిల్లులు తప్పుగా వెళ్ళి ఉంటాయో చూడమన్నారు. ఇక్కడిదాకా అందరూ సవ్యంగానే ఉన్నారు. ఆ మాట కూడా చెప్పాలి.

ఆ ఉద్యోగి లెక్కలన్నీ తిరగేసి 900కు పైగా బిల్లుల జాబితా తయారుచేశాడు. మొత్తం కలిపితే 10 లక్షల డాలర్లు దాటింది. 2011 ఫిబ్రవరి 4న ఆ జాబితాను పైవాళ్ళకు ఈమెయిల్‌లో పంపాడు. ఇవి తప్పుగా వెళ్ళి ఉండవచ్చు, ఇంకా సరిచూసుకోవాలి అని కూడా రాశాడు. పనిమంతుడు రాసే పద్ధతి అది. తెలిసినంత చెప్పాడు, తెలియనిది మిగిలి ఉందనీ చెప్పాడు.

నాలుగు రోజులు గడిచాయి. ఫిబ్రవరి 8న అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

నాలుగు రోజులు. వారం కూడా కాదు.

మరి జాబితా? ప్రభుత్వం తర్వాత కోర్టులో చెప్పిన ప్రకారం, దాన్ని పక్కన పెట్టేశారు. కంప్ట్రోలర్ కార్యాలయం తనంతట తాను కొన్ని తప్పులు పట్టుకుని అడిగినప్పుడల్లా ఆ కొన్నిటి డబ్బు వెనక్కి కట్టారు. మళ్ళీ ఇంకొన్ని పట్టుకుంటే ఇంకొన్ని కట్టారు. అటువైపు ఆడిటర్లు చీకట్లో వెతుక్కుంటుంటే, ఇటువైపు మొత్తం జాబితా వీళ్ళ ఈమెయిల్ పెట్టెలోనే ఉంది. పూర్తి డబ్బు తిరిగి కట్టేసరికి రెండేళ్ళు దాటింది.

ఉద్యోగం పోయిన మనిషి 2011 ఏప్రిల్‌లో దావా వేశాడు. ఇలాంటి దావాను ముందు రహస్యంగా ఉంచుతారు. కాగితాలు కోర్టుకూ ప్రభుత్వానికీ మాత్రమే వెళతాయి. ప్రభుత్వం విచారించుకుని, తాను కలవాలో వద్దో తేల్చుకుంటుంది. ఇందులో ఫెడరల్ ప్రభుత్వమూ కలిసింది, న్యూయార్క్ రాష్ట్రమూ తన చట్టం పట్టుకుని కలిసింది.

ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న వచ్చింది. 2010లో వచ్చిన ఫెడరల్ ఆరోగ్య సంస్కరణల చట్టం, మెడికేర్ అనే వృద్ధుల వైద్య పథకం నుంచి గాని, మెడికెయిడ్ నుంచి గాని అదనంగా డబ్బు వచ్చినట్టు గుర్తించిన 60 రోజుల్లోగా తిరిగి ఇవ్వాలంటుంది. ఇవ్వకుండా తెలిసి అట్టిపెట్టుకుంటే అది బాకీ ఎగ్గొట్టడం కిందికి, అంటే తప్పుడు బిల్లుల మీద చేసిన ఆ పాత చట్టం కిందికే వస్తుంది. బాగుంది. మరి ‘గుర్తించడం’ ఎప్పుడు జరిగినట్టు? ఆసుపత్రుల వాదన ఏమిటంటే, ఆ ఈమెయిల్‌లో ఉన్నవి అనుమానాలు, ఖాయంగా తేలినవి కావు, కాబట్టి మాకు గడియారం మొదలే కాలేదు. వినడానికి సబబుగానే ఉంటుంది. నిజంగానే ఆ జాబితాలో దాదాపు సగం బిల్లులు మాత్రమే తప్పని చివరికి తేలింది.

2015 ఆగస్టులో ఫెడరల్ జిల్లా జడ్జి ఎడ్గార్డో రామోస్ ఆ వాదన ఒప్పుకోలేదు. అదనపు చెల్లింపు జరిగి ఉండవచ్చని తెలియజేసిన క్షణం నుంచే గడియారం మొదలవుతుంది, దావా నడవాల్సిందే అన్నారు. లేకపోతే ఎవరైనా తేల్చుకోకుండా ఊరికే కూర్చుని గడువు తప్పించుకోవచ్చు. అదే సమయంలో ఆయన ఇంకో మాట కూడా అన్నారు. శ్రద్ధగా లెక్కలు చూసుకుంటూ, ఆ క్రమంలో 60 రోజులు దాటిపోయిన సంస్థ మీద దావా నిలబడే అవకాశం తక్కువ అని. నాకు ఈ రెండో మాట మొదటిదానికంటే ముఖ్యంగా అనిపిస్తుంది. తప్పు లెక్క ఎవరికైనా వస్తుంది. దాని మీద పని చేస్తున్నారా, దాని మీద కూర్చున్నారా అన్నదే తేడా.

2016లో రాజీ కుదిరింది. 29 లక్షల 50 వేల డాలర్లు. అసలు అదనంగా వచ్చింది 8 లక్షల డాలర్లకు కాస్త పైన. అది ముందే తిరిగి కట్టేశారు కూడా. ఈ 29 లక్షలు కేవలం ఆలస్యం ఖరీదు.

పత్రికలు ఇలాంటి కేసుల్లో దావా వేసినవాళ్ళకు ఎంత ముట్టిందన్నదే పెద్ద అక్షరాల్లో వేస్తాయి. నిజమే, న్యూయార్క్ చట్టంలో మోసపోయిన సొమ్ముకు మూడు రెట్లు వసూలు చేయవచ్చు, ప్రభుత్వం దావాలో కలిస్తే వాటా 15 నుంచి 25 శాతం, కలవకపోతే 25 నుంచి 30. కాని ఆ ఆశతో ఈ దారి పట్టమని నేను ఎవరికీ చెప్పను. అయిదేళ్ళు కోర్టు చుట్టూ తిరగాలి, ఈలోగా ఇంటద్దె కట్టాలి.

నేను చెప్పదలుచుకున్నది చిన్న పని. మీ అబ్బాయో, మీ కోడలో అక్కడ క్లినిక్‌లో, మందుల దుకాణంలో, బిల్లింగ్ ఆఫీసులో ఉంటే వాళ్ళకు చెప్పండి. రాకూడని డబ్బు వచ్చినట్టు అనిపిస్తే నోటిమాటగా చెప్పి ఊరుకోవద్దు. రాసి పంపాలి, తేదీతో పంపాలి. తెలిసింది ఎంత, సరిచూడాల్సింది ఎంత అన్నది విడివిడిగా రాయాలి. అలా రాసినందుకు కక్షకట్టి ఉద్యోగం తీసేస్తే, న్యూయార్క్ చట్టం ఆ ఉద్యోగం తిరిగి ఇప్పించగలదు, పోయిన జీతానికి రెండింతల సొమ్మును, వడ్డీ కలిపి, ఇప్పించగలదు. ఫిర్యాదు చేసే ఆలోచన ఉంటే ముందు వకీలును కలవాలి. పత్రికలకూ స్నేహితులకూ చెప్పడం తర్వాతి సంగతి, రహస్యంగా నడవాల్సిన దావా కాబట్టి.

సొంత క్లినిక్ పెట్టుకున్న డాక్టర్లకు కూడా ఇదే మాట తిరగేసి చెప్పాలి. మీ గుమాస్తా అలాంటి ఈమెయిల్ పంపిన రోజునే ఆ తేదీని ఫైలు మీద రాసిపెట్టుకోండి, ఆ తర్వాత ఎవరు ఏ బిల్లు ఎప్పుడు సరిచూశారో దాని కిందే రాస్తూ వెళ్ళండి. న్యూయార్క్ చట్టం కింద పదేళ్ళ వరకు దావా వేయవచ్చు కాబట్టి, డబ్బు తిరిగి కట్టేశాక కూడా ఆ ఫైలును పారేయకండి.

నమస్కారం.