ఆ అనుమానం ఎవరి ఖాతాలో?

అందరికీ నమస్కారం. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ట్రైనింగ్ అనగానే చార్టులు, స్టేటస్ మీటింగులు అనుకుని వచ్చి ఉంటారు. ఇవాళ వాటి జోలికి వెళ్ళను. 1999లో నాసా పోగొట్టుకున్న మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంగారక నౌక గురించి చెబుతాను.

డెన్వర్‌లో, ఆ నౌకను తయారుచేసిన లాక్‌హీడ్ మార్టిన్ వాళ్ళ సాఫ్ట్‌వేర్ థ్రస్టర్ల (నౌకను నెట్టే చిన్న ఇంజన్ల) ప్రభావాన్ని పౌండ్-సెకన్లలో లెక్కగట్టింది. కాలిఫోర్నియాలోని నాసా జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో, నౌక దారిని లెక్కగట్టే నావిగేషన్ టీమ్ ఆ అంకెల్ని మెట్రిక్ పద్ధతిలోని న్యూటన్-సెకన్లుగా వాడుకుంది. తేడా సుమారు 4.45 రెట్లు. అంగారకుడికి 226 కిలోమీటర్ల ఎత్తున వెళ్ళాల్సిన నౌక దాదాపు 57 కిలోమీటర్లకు దిగిపోయింది. సెప్టెంబర్ 23న సిగ్నల్ పోయింది, మళ్ళీ రాలేదు.

ఎవరో యూనిట్లు మార్చడం మర్చిపోయారులే అని నవ్వుకుని వెళ్ళిపోవచ్చు. దర్యాప్తు నివేదిక చదివితే మాత్రం నవ్వు రాదు. ఏ యూనిట్లలో ఇవ్వాలో స్పెసిఫికేషన్‌లో రాసే ఉంది! ప్రయాణం మొదటి నాలుగు నెలలు ఫార్మాట్ తప్పుల వల్ల ఆ అంకెలుండే ఫైళ్ళు పనికిరాలేదు, ఈమెయిళ్ళతో నెట్టుకొచ్చారు. ఏప్రిల్‌లో ఫైళ్ళు బాగుపడ్డాక, వారం తిరక్కుండానే లెక్క తేడా కొడుతోందని నావిగేషన్ వాళ్ళు పసిగట్టారు. ఈమెయిళ్ళలో చెప్పుకున్నారు కూడా. లోపాలను నమోదు చేసే పద్ధతి ఉంది, అందులోకి మాత్రం ఎక్కించలేదు. దాంతో సంగతి తేల్చే బాధ్యత ఎవరి నెత్తినా పడలేదు.

ఇంకోటి. సౌరఫలకం ఒకవైపే ఉండటంతో సూర్యకాంతి ఒత్తిడి నౌకను తిప్పేస్తోంది. దాన్ని సరిచేయడానికి థ్రస్టర్లను అనుకున్నదానికి పది రెట్లకు పైగా ఎక్కువసార్లు మండించాల్సి వచ్చింది. నౌక తీరుతెన్నులు నావిగేషన్ టీమ్‌కి సరిగ్గా అందలేదు. పైగా వాళ్ళు వేరే మిషన్లు కూడా చూస్తున్నారు. ఈ పరిస్థితి మీలో చాలామందికి కొత్తేం కాదనుకుంటా.

అందుకే నేను టీమ్ బిల్డింగ్ ఆటలు పెట్టను. తాళ్ళు లాగితే సరదాగానే ఉంటుంది, సోమవారం నుంచి ఎవరి సీట్లో వాళ్ళే. ఫైనాన్స్ వాళ్ళ చేతికి డెవలపర్ రాసిన ఎస్టిమేట్ ఇస్తాను. అందులో '40' అని ఉంటుంది. గంటలా, పనిదినాలా? ఒక్కరివా, టీమ్ మొత్తానివా? టెస్టింగ్ కలిపా? ఈ ప్రశ్నలతోనే రెండు డిపార్ట్‌మెంట్ల మధ్య అసలు మాటలు మొదలవుతాయి. అనుమానం వస్తే చాట్‌లో పడేసి ఊరుకోవడం కాదు, ఇష్యూ లాగ్‌లో ఎక్కించి పక్కన ఒక పేరు, ఒక తేదీ వేయాలి. ఉత్త అనుమానమే అయితే కొట్టేయడానికి రెండు నిమిషాలు చాలు.

ఇప్పుడు మీ ముందున్న కాగితం తిప్పండి. అది మీది కాదు, పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ళది. పది నిమిషాలు టైమ్.