రియల్ ఎస్టేటా, ఎక్స్‌రేనా? కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో చేరే ముందు ఇది చూడండి

[వంటింటి బల్ల మీద లాప్‌టాప్. తెరపై కాలేజీ కోర్సుల జాబితా.]

నమస్కారం అండీ. పెళ్లయి కాలిఫోర్నియాకి వచ్చి, పిల్లలు బడికి వెళ్లే వయసుకి వచ్చాక మన తెలుగిళ్లలో తప్పకుండా వచ్చే మాట ఒకటి ఉంది. "ఇక్కడ ఏదైనా కోర్సు చేసి ఉద్యోగంలో పడొచ్చా?" అడిగితే చాలు, ఎవరో ఒకరు రెండు పేర్లు చెప్తారు. రియల్ ఎస్టేట్, లేకపోతే ఎక్స్‌రే టెక్నాలజిస్ట్.

రెండూ కమ్యూనిటీ కాలేజీల్లో, అంటే తక్కువ ఫీజుతో రెండేళ్ల చదువు చెప్పే ప్రభుత్వ కాలేజీల్లో నేర్పిస్తారు. ఓక్లండ్‌లోని మెరిట్ కాలేజీలో రెండూ ఉన్నాయి. లాస్ ఏంజెలెస్ దగ్గర వాల్నట్ ఊళ్లో ఉన్న మౌంట్ శాన్ ఆంటోనియో కాలేజీలోనూ ఉన్నాయి. ఒకే కాలేజీ కదా, రెండూ ఒకలాంటివే అనుకుంటారు చాలామంది. ఎదురుచూపు రెండింట్లోనూ తప్పదు. రియల్ ఎస్టేట్‌లో అది కోర్సు అయ్యాక మొదలవుతుంది. ఎక్స్‌రేలో కోర్సులో చేరకముందే మొదలవుతుంది. మీ ఇంటి పరిస్థితి ఏ ఎదురుచూపుని తట్టుకోగలదో ముందు అది చూసుకోండి.

[తెరపై: 3 కోర్సులు, 135 గంటలు, 9 యూనిట్లు]

రియల్ ఎస్టేట్ లెక్క చిన్నదే. సేల్స్‌పర్సన్ లైసెన్స్ పరీక్ష రాయాలంటే మూడు కోర్సులు పూర్తి చేయాలి. రియల్ ఎస్టేట్ ప్రిన్సిపుల్స్, రియల్ ఎస్టేట్ ప్రాక్టీస్, ఇంకోటి అనుమతించిన జాబితాలోంచి మీకు నచ్చింది. ఒక్కోటి 45 గంటలు. ఫీజు యూనిట్ల లెక్కన, అంటే కోర్సు ఎంత పెద్దదో కొలిచే లెక్కన కడతారు. కాలిఫోర్నియా నివాసులకి యూనిట్‌కి 46 డాలర్లు, కోర్సుకి 3 యూనిట్లు. అంటే మొత్తం 414 డాలర్లు. పుస్తకాలు, చిల్లర ఫీజులు వేరే. తర్వాత పరీక్షలో 150 ప్రశ్నలు, 3 గంటలు, 70 శాతం రావాలి. వేలిముద్రలు ఇవ్వాలి. కుదురుగా చదివితే ఏడాదిలోపే లైసెన్స్ చేతికి రావచ్చు.

ఈ క్లాసుల్లో నేర్చుకునేది పరీక్షకి మాత్రమే అనుకోకండి. రేపు ఒక తెలుగు కుటుంబం మీతో ఇల్లు చూడ్డానికి వస్తుంది. తూర్పు ముఖం కావాలంటారు, అందులో ఇబ్బంది లేదు. ఆ తర్వాత మామూలుగానే అడుగుతారు, "ఈ వీధిలో మనవాళ్లు ఉన్నారామ్మా?" అని. దానికి మీరు జవాబు చెప్పకూడదు. ఏ జాతివాళ్లు, ఏ దేశంవాళ్లు ఎక్కడుంటారో చూసి కొనేవాళ్లని అటో ఇటో నడిపించడం 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం తప్పు. మన మనిషి ప్రేమగా అడిగినా తప్పే. అలాగే, ఆ ఇంట్లో గత 3 ఏళ్లలో ఎవరైనా చనిపోయి ఉంటే కొనేవాళ్లకి చెప్పాలి. మనవాళ్లు ఆ సంగతిని ఎంత సీరియస్‌గా తీసుకుంటారో మీకు తెలుసు. ఇవి నిజంగా రోజూ ఎదురయ్యే విషయాలు, అందుకే ఈ క్లాసులంటే నాకు గౌరవం.

ఇక అసలు ఎదురుచూపు. లైసెన్స్ వచ్చినా సొంతంగా పని చేయలేరు, ఒక బ్రోకర్ కింద చేరాలి. మామూలుగా జీతం ఉండదు. ఇల్లు చేతులు మారిన రోజే కమిషన్. పైగా 2024 ఆగస్టు 17 నుంచి, ఎమ్మెల్లెస్ (ఏజెంట్లు అమ్మకానికున్న ఇళ్ల వివరాలు పంచుకునే జాబితా) వాడే ఏజెంట్లు కొనేవాళ్లకి ఇల్లు చూపించే ముందే వాళ్లతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. మీకెంత ఇవ్వాలో అందులో ఉంటుంది. కొత్త ఏజెంట్‌కి ఆ కాగితం ముందుపెట్టి సంతకం అడగడం చాలా టెన్షన్. కనీసం ఏడాదికి సరిపడా ఇంటి ఖర్చు వేరే దారిలో వస్తుంటేనే ఇందులోకి దిగమని నేను చెప్తాను.

[ఎక్స్‌రే గది. గోడకి నిలువుగా పలక, వెనక ఎక్స్‌రే ట్యూబ్.]

ఇప్పుడు ఎక్స్‌రే. చేరకముందే అనాటమీ, ఫిజియాలజీ, ఆల్జీబ్రా, మెడికల్ టెర్మినాలజీ లాంటివి పూర్తి చేయాలి. దానికే ఏడాది పడుతుంది. ఆ తర్వాత దరఖాస్తు. కొన్ని కాలేజీలు మార్కులు చూస్తాయి, కొన్ని లాటరీ తీస్తాయి.

సీట్లు ఎందుకంత తక్కువ? క్లాసురూములో కుర్చీలు లేక కాదు. సగం చదువు ఆసుపత్రిలోనే జరుగుతుంది. అక్కడ ఒక విద్యార్థికి ఒక టెక్నాలజిస్ట్ ఉండాలని, ఎక్స్‌రే కోర్సులకి గుర్తింపునిచ్చే సంస్థ జేఆర్‌సీఈఆర్‌టీ నియమం. ఆసుపత్రిలో నేర్పేవాళ్లు ఎంతమంది ఉంటే అన్నే సీట్లు. ఒక ఎక్స్‌రే సరిగ్గా రాక మళ్లీ తీయాల్సి వస్తే, మీకు ఎంత అనుభవం వచ్చినా సరే, టెక్నాలజిస్ట్ పక్కన నిలబడాల్సిందే. రోగి ఒంట్లోకి అనవసరంగా రేడియేషన్ వెళ్లకూడదు కదా.

అక్కడ ఏం నేర్పుతారో ఒక్కటి చూపిస్తాను. ఛాతీ ఎక్స్‌రే.

[పెద్దాయన పలకకి ఛాతీ ఆనించి నిలబడ్డారు.]

గడ్డం పైకి. చేతులు నడుము మీద, మోచేతులు ముందుకి. భుజాలు ముందుకి వంచమంటారు, ఎందుకంటే వెనక రెక్క ఎముకలు ఊపిరితిత్తుల మీద నీడ పడకుండా పక్కకి తప్పుకోవాలి. ట్యూబ్ 72 అంగుళాల దూరంలో, అంటే ఆరడుగులు. దగ్గరైతే గుండె అసలు కంటే పెద్దగా కనిపిస్తుంది. కుడో ఎడమో తెలిపే సీసం గుర్తు పెట్టాలి. ఊపిరి ఒకసారి పీల్చి వదలమని, రెండోసారి పీల్చినప్పుడు బిగపట్టమని చెప్పాలి. రెండోసారి ఊపిరితిత్తులు ఇంకా బాగా నిండుతాయి. మీరు గోడ వెనక్కి వెళ్లి మీట నొక్కుతారు. కన్నుమూసి తెరిచేలోపు అయిపోతుంది. ఇంగ్లిష్ రాని మన అమ్మమ్మో తాతయ్యో అక్కడ నిలబడితే, "ఊపిరి పీల్చండి, బిగపట్టండి" అని తెలుగులో చెప్పే మనిషి ఉండటం ఎంత ధైర్యమో ఆలోచించండి.

రేడియేషన్ భయం చాలామంది ఆడవాళ్లకి ఉంటుంది, అది సహజమే. అందుకే ఒంటి మీద బ్యాడ్జి పెట్టుకుంటారు, పడిన డోసు అందులో నమోదవుతుంది. ఏడాదికి పరిమితి 50 మిల్లీసీవర్టులు (రేడియేషన్ డోసుని కొలిచే లెక్క). గర్భవతినని రాసిచ్చినవాళ్లకి, గర్భంలో బిడ్డకి ఆ నెలలన్నీ కలిపి 5 దాటకూడదు. రాసివ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం.

కోర్సు రెండేళ్లు, పూర్తి టైమ్. తర్వాత ఎక్స్‌రే టెక్నాలజిస్టులకి దేశవ్యాప్తంగా సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ ఏఆర్‌ఆర్‌టీ పెట్టే పరీక్ష, ఆపైన కాలిఫోర్నియా ప్రభుత్వ సర్టిఫికెట్. ఒంటి లోపలి కదలికల్ని వీడియోలా చూపించే ఎక్స్‌రే, అంటే ఫ్లోరోస్కోపీ చేయాలంటే ఇంకో పర్మిట్. ఏఆర్‌ఆర్‌టీకి 2015 నుంచి కనీసం అసోసియేట్ డిగ్రీ ఉండాలి. ఇండియా డిగ్రీని లెక్క కట్టించుకోవచ్చు గానీ, ఆ డిగ్రీ ఒక్కటే సరిపోదు. వాళ్లు గుర్తించిన ఎక్స్‌రే కోర్సు చదవాల్సిందే.

[తెరపై: వీసా]

హెచ్‌4 వీసా (హెచ్‌1బీ మీద పనిచేసేవాళ్ల భార్య లేదా భర్తకి ఇచ్చేది) మీద చదువుకోవచ్చు. డబ్బు తీసుకుని పని చేయాలంటే మాత్రం ఈఏడీ, అంటే పని చేయడానికి అనుమతి కార్డు ఉండాలి. కమిషన్ కూడా సంపాదనే, మర్చిపోవద్దు. ఆ ఈఏడీ కోసం, మీ ఆయనకో, ఆవిడకో ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయిందా లేదా చూసుకుని ముందుకెళ్లండి. 46 డాలర్ల ఫీజు కూడా ఏడాదికి పైగా ఇక్కడ నివాసం ఉన్నట్టు రుజువు చూపిస్తేనే.

ఎక్స్‌రే కోర్సులున్న చాలా కాలేజీలు ముందుగా ఇన్ఫర్మేషన్ సెషన్ పెడతాయి. వెళ్లి మూడు విషయాలు అడగండి. గత ఏడాది ఎంతమంది దరఖాస్తు చేస్తే ఎంతమందికి సీటొచ్చింది? మొదటిసారి రాసినప్పుడే పరీక్ష పాసైనవాళ్లు ఎంత శాతం? క్లినికల్ రోజుల్లో, అంటే ఆసుపత్రిలో నేర్చుకునే రోజుల్లో, ఏ ఆసుపత్రికి, పొద్దున ఎన్నింటికి చేరాలి? ఆ మూడో జవాబు రాసుకుని ఇంటికొచ్చి, పిల్లల్ని బడిలో దింపే టైమ్ పక్కన పెట్టి చూసుకోండి.