కొటేషన్‌లో ఐ5 అని ఉంది, ఎస్ఎంపీఎస్ వివరం లేదు

నమస్తే అండి. రాజోలు దగ్గర నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు, ఈ వీడియో అతని కోసం. కానీ అమలాపురం నుంచి భీమవరం దాకా, గోదావరికి ఇటూ అటూ ఎవరింట్లో కంప్యూటర్ కట్టించుకుందామని చూస్తున్నా ఇదే సమస్య కాబట్టి అందరూ వినండి.

తమ్ముడు ఇంజినీరింగ్ రెండో ఏడు. కోడింగ్ నేర్చుకోవాలి, కాస్త వీడియో ఎడిటింగ్ చేయాలి, వీలైతే వాలరెంట్ గేమ్ ఆడుకోవాలి. వాళ్ల నాన్నగారు 40 వేలు ఇస్తానన్నారు. మానిటర్, కీబోర్డు ఇంట్లో ఉన్నాయి, డబ్బా ఒక్కటే కావాలి. దగ్గర్లోని టౌన్‌లో ఒక షాపులో కొటేషన్ రాయించుకుని, దాని ఫొటో పంపి, "అన్నా, తీసేసుకోమంటావా" అని అడిగాడు. కొటేషన్‌లో ఏముందో చదువుతాను. ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, గేమింగ్ క్యాబినెట్ విత్ ఎస్ఎంపీఎస్. ఐదు ముక్కలు, కింద మొత్తం రేటు, అంతే. ఎస్ఎంపీఎస్ అంటే ఇంటి కరెంటుని కంప్యూటర్ భాగాలకి సరిపడేలా మార్చి ఇచ్చే పెట్టె.

తమ్ముడూ, తీసుకోవద్దు. ఎందుకో చెబుతాను.

మొదటి ముక్క ఐ5. ఏ ఐ5? ఐ5 అనే పేరు 2009లో వచ్చింది, అక్కడి నుంచి పద్నాలుగో తరం దాకా అదే పేరు నడిచింది. ఐ5 అని మాత్రమే రాసి ఇవ్వడం అంటే "బండి ఇస్తాం" అని చెప్పి ఏ సంవత్సరం మోడలో చెప్పకపోవడమే. నేను తమ్ముడిని ఫోన్ చేసి నంబర్ అడగమన్నాను. 3470 అన్నారట. అది 2012లో వచ్చిన మూడో తరం ప్రాసెసర్. నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు), పాత తరం డీడీఆర్3 ర్యామ్. ఎక్కడో ఆఫీసుల్లో వాడి తీసేసిన ప్రాసెసర్‌ని తెచ్చి, కొత్తగా తయారైన హెచ్61 అనే మదర్‌బోర్డు మీద పెట్టి, మెరిసే క్యాబినెట్‌లో బిగించి అమ్ముతారు. డబ్బా కొత్తది కాబట్టి మనకి కంప్యూటర్ కొత్తదే అనిపిస్తుంది. ఎక్సెల్, టైపింగ్ లాంటి పనులకైతే ఇప్పటికీ నడుస్తుంది, తక్కువ రేటుకి, పాతది అని చెప్పి అమ్మితే తప్పేమీ లేదు. కానీ విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచి మాత్రమే అధికారికంగా అనుమతి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలి. ఏదో అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించినా, అందులో వాలరెంట్ టీపీఎం, సెక్యూర్ బూట్ (కంప్యూటర్ లేచేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే రానిచ్చే సెట్టింగ్) రెండూ అడుగుతుంది, లేకపోతే గేమ్ తెరుచుకోదు. అంటే విండోస్ 11లో తమ్ముడు వాలరెంట్ ఆడే దారే ఉండదు.

గ్రాఫిక్స్ కార్డు కూడా అడిగించాను. జీటీ 730. 2014 నాటి కార్డు. 4 జీబీ అని చూసి మోసపోకండి, అది కార్డులో ఉన్న మెమరీ ఎంతో చెబుతుంది, కార్డుకి ఎంత బలం ఉందో చెప్పదు. ఇప్పుడు నేను చెప్పబోయే ప్రాసెసర్ లోపల వచ్చే గ్రాఫిక్సే దీనికంటే బాగా ఆడుతుంది.

నేనైతే రైజన్ 5 5600జీ తీసుకోమంటాను. 2021లో వచ్చింది, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది కాబట్టి ఇప్పుడు కార్డు కొనక్కర్లేదు. కోడింగ్‌కి, ఒక మోస్తరు ఎడిటింగ్‌కి సరిపోతుంది, వాలరెంట్ సెట్టింగులు తగ్గించుకుని హాయిగా ఆడుకోవచ్చు. దీని సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు, ఏఎం4, అది 2016 నాటిది, ఇక ముందుకు పోయే సాకెట్ కాదు, ఆ మాట దాచను. కొత్త సాకెట్ ఏఎం5 అయితే డీడీఆర్5 ర్యామే వేయాలి, బోర్డు కూడా ఖరీదు. పైగా 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లకి మెమరీ చిప్పులు తరలిపోయి ర్యామ్ రేట్లు ఎలా పెరిగాయో మీరూ చూస్తున్నారు. 40 వేలలో ఏఎం5 మీదకి వెళితే మిగతా అన్నిట్లో కోత పడుతుంది. ఇంటెల్ ఇష్టమైతే ఐ3 12100 కూడా మంచిదే, పేరు ఐ3 అయినా ఆ పాత ఐ5ని ఎక్కడికక్కడ దాటేస్తుంది. కాకపోతే చివర ఎఫ్ అక్షరం ఉన్నది తీసుకోకండి, ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, కార్డు లేకపోతే మానిటర్ మీద బొమ్మే రాదు. ప్రాసెసర్ ఏదైనా బాక్స్ పీస్ తీసుకోండి, బాక్స్‌కి కంపెనీ మూడేళ్ల వారంటీ ఇస్తుంది.

5600జీకి బోర్డు ఏ520 చాలు, డబ్బు ఉంటే బీ550. ఆ బోర్డులో బయాస్, అంటే కంప్యూటర్‌ని మొదట లేపే సాఫ్ట్‌వేర్, 5600జీకి సరిపడేలా అప్‌డేట్ అయి ఉందో లేదో షాపులోనే పెట్టించి చూసుకోండి, ఇంటికి తెచ్చాక తెలిస్తే మళ్లీ ఆటో ఎక్కించి తీసుకెళ్లాలి.

ర్యామ్ విషయంలో ఒక మాట. లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, మనం పెట్టిన ర్యామ్‌నే వాడుకుంటుంది. అందుకే 16 జీబీది ఒకటి కాకుండా 8 జీబీవి రెండు పెట్టండి. రెండు దారుల్లో డేటా నడుస్తుంది, గేమ్‌లో తేడా కంటికి కనిపిస్తుంది. రేటు మరీ ఎక్కువైతే ఇప్పుడు 8 జీబీది ఒకటి పెట్టి, రెండో స్లాట్ ఖాళీగా ఉంచి, నాలుగు నెలల తర్వాత అదే కంపెనీది, అదే స్పీడ్‌ది ఇంకొకటి వేసుకో. అప్పటిదాకా క్రోమ్‌లో ముప్పై ట్యాబులు తెరిస్తే ఇబ్బంది పడుతుంది, ఓర్చుకోవాలి. సెకండ్ హ్యాండ్ ర్యామ్ కొనడానికి నేను భయపడను, అందులో అరిగిపోయే భాగం లేదు, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రాం ఒక రాత్రంతా పెట్టి తప్పులు రాకపోతే వాడుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ ఎస్ఎంపీఎస్ మాత్రం ఎవరు ఊరికే ఇచ్చినా తీసుకోను.

ఇప్పుడు అసలు విషయానికి వచ్చాం. కొటేషన్‌లో క్యాబినెట్ పక్కన "విత్ ఎస్ఎంపీఎస్" అని తోకలా రాశారు చూశారా, మన ప్రాంతంలో కంప్యూటర్ ఐదేళ్లు ఉంటుందా ఐదు నెలలు ఉంటుందా అని తేల్చేది అదే.

నా మొదటి కంప్యూటర్ సంగతి చెబుతాను. అది కూడా క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఎస్ఎంపీఎసే. వానాకాలం, ఈదురుగాలి, సాయంత్రం. నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాను. ఉన్నట్టుండి ట్యూబ్‌లైటు మామూలు కంటే తెల్లగా వెలిగింది, ఫ్యాన్ గిర్రున స్పీడు అందుకుంది. వీధిలో న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, తెగింది. న్యూట్రల్ పోతే 230 ఉండాల్సిన వోల్టేజి కొన్ని ఇళ్లకి 350 దాటి కూడా వెళ్లగలదు. మా అమ్మ "మెయిన్ కట్టెయ్" అని అరిచేలోపే కాళ్ల దగ్గర టప్ మని శబ్దం, కాలిన వాసన. ఎస్ఎంపీఎస్ ఒక్కటే పోతే పోనీ అనుకునేవాణ్ని, అది తనతో పాటు మదర్‌బోర్డునీ, హార్డ్ డిస్క్‌నీ తీసుకుపోయింది. హార్డ్ డిస్క్‌లో నా డిగ్రీ ప్రాజెక్టు ఉంది. విప్పి చూస్తే లోపల, కరెంటు వచ్చే చోట ఫిల్టర్ భాగాలు ఉండాల్సిన దగ్గర బోర్డు మీద ఉత్త రంధ్రాలు, వాటిని కలుపుతూ వైరు ముక్క అతికించి ఉంది. అంత వోల్టేజి వస్తే మంచి ఎస్ఎంపీఎస్ కూడా చచ్చిపోవచ్చు, కానీ అది ఒంటరిగా చచ్చిపోయేలా లోపల రక్షణ ఉంటుంది. మనం డబ్బు పెట్టేది దానికి.

షాపులో చూసేటప్పుడు డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్లు చూడకండి. పక్కన లేబుల్ మీద చిన్న గళ్ల పట్టిక ఉంటుంది, అందులో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. ఆ అంకెని 12తో గుణించండి. పైన 450 వాట్లు అని ఉండి, 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లు ఉంటే అది 192 వాట్లే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తాగేది ఈ 12 వోల్టుల నుంచే. నిజమైన 450 వాట్లదైతే అక్కడ దాదాపు 36 ఆంపియర్లు ఉంటుంది. ఎర్ర స్లైడ్ స్విచ్ మీద 115, 230 అని ఉన్నవి పాత డిజైన్, ఎవరైనా దాన్ని 115కి జరిపి ప్లగ్ పెడితే అక్కడికక్కడే పేలుతుంది. 100 నుంచి 240 దాకా తనే సర్దుకునేది, యాక్టివ్ పీఎఫ్‌సీ (లైన్ నుంచి కరెంటుని సమంగా లాగే సర్క్యూట్) అని రాసి ఉన్నది, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే ముద్ర) ఉన్నది, మూడేళ్లో ఐదేళ్లో వారంటీ ఉన్న 450 లేదా 550 వాట్లది తీసుకోండి. 5600జీ ఎంత కష్టపడినా 88 వాట్ల దగ్గర ఆగుతుంది, రేపు 115 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060 లాంటి కార్డు వేసుకున్నా ఈ ఎస్ఎంపీఎసే మోస్తుంది, అప్పుడు మార్చక్కర్లేదు.

రెండోది ఎర్తింగ్. దీన్ని ఏ కొటేషన్‌లోనూ రాయరు. క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయని ఎంతమంది రాస్తారో నాకు, షాపువాళ్లు మాత్రం "చెప్పులు వేసుకుని వాడండి" అని పంపేస్తారు. ఎస్ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటుని క్యాబినెట్ రేకు మీదకి వదులుతాయి, అది ఎర్త్ వైరు గుండా భూమిలోకి పోవాలి. ఎర్త్ లేకపోతే రేకు మీదే నిలబడుతుంది, మీరు ముట్టుకుంటే మీ గుండా పోతుంది. మూడు పిన్నుల ప్లగ్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు, చాలా పాత ఇళ్లలో పై రంధ్రం వెనక వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టించి చూడండి, మీరు చేయకండి, అతని చేతే చేయించండి. బల్బు పూర్తి కాంతితో వెలగాలి. మసకగా వెలిగినా, వెలగకపోయినా కొత్తగా ఎర్త్ వేయించుకోండి. మన నేల ఈ పనికి అనువైనది, కొద్ది అడుగులు తవ్వితేనే తడి తగులుతుంది, గొయ్యిలో బొగ్గు, ఉప్పు వేసి పాతితే ఎర్త్ బాగా పట్టుకుంటుంది. నన్నడిగితే క్యాబినెట్‌లో రంగు లైట్ల ఫ్యాన్లు మానేసి ఆ డబ్బు దీనికి పెట్టమంటాను.

మూడోది, కరెంటు పోయినప్పుడు. ఇంట్లో ఇన్వర్టర్ ఉందని తమ్ముడు రాశాడు, అయితే విడిగా యూపీఎస్ కొనేముందు ఇన్వర్టర్ వెనక చూడు. చాలావాటికి చిన్న స్విచ్ ఉంటుంది, ఒకవైపు యూపీఎస్, ఇంకోవైపు ఎకో అనో నార్మల్ అనో ఉంటుంది. ఎకోలో ఉంటే కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి మారడానికి ఎక్కువ సమయం పడుతుంది, ఎస్ఎంపీఎస్ ఊపిరి బిగపట్టగలిగేది సుమారు 16 మిల్లీసెకన్లే, ఆ లోపు కరెంటు అందకపోతే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. యూపీఎస్ వైపు పెడితే వెంటనే మారుతుంది. దాంట్లో ఒక చిక్కు ఉంది. ఆ వైపు పెట్టినప్పుడు సాధారణంగా వోల్టేజి 180 కంటే తగ్గితే కరెంటు ఉన్నా బ్యాటరీ మీదకే వెళ్లిపోతుంది. ఎండాకాలం సాయంత్రాలు, మా వైపు చేపల, రొయ్యల చెరువుల మీద నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు అన్నీ ఒకేసారి తిరుగుతున్నప్పుడు, వోల్టేజి 170కి దిగడం నేనే మీటర్ పెట్టి చూశాను. అలాంటి చోట ఇన్వర్టర్‌కి ముందు స్టెబిలైజర్ ఉంటే మంచిది. ఇన్వర్టర్ సైన్ వేవ్‌దేనా, అంటే లైన్ కరెంటు లాంటి నున్నటి అలనే ఇస్తుందా అన్నది కూడా చూసుకో, పాత స్క్వేర్ వేవ్ వాటితో యాక్టివ్ పీఎఫ్‌సీ ఎస్ఎంపీఎస్‌లు కొన్ని పేచీ పెడతాయి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఎస్ఎస్‌డీ 500 జీబీ ఎన్‌వీఎంఈ (వేగంగా నడిచే రకం), పేరున్న కంపెనీది, అంతకుమించి ఆలోచన అక్కర్లేదు. క్యాబినెట్ ముందు జాలీ ఉన్నది, ఫిల్టర్ తీసి కడుక్కునేలా ఉన్నది తీసుకోండి, నూర్పిళ్ల రోజుల్లో ధాన్యం దుమ్ము, కోనసీమలో కొబ్బరి పీచు పొడి ఎంత లోపలికి వెళతాయో విప్పి చూసిన వాళ్లకి తెలుసు. వెనక స్లాట్ల రేకులు విరిచేసిన క్యాబినెట్ అయితే ఆ సందులు మూయండి, వాటిలోంచి బల్లులు దూరతాయి, ఒకసారి బోర్డు మీద చచ్చిన బల్లిని నేనే పట్టకారుతో తీశాను. అంతర్వేది వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో కంప్యూటర్‌ని కిటికీ పక్కన పెట్టకండి, ఏడాదిలో స్క్రూల మీద తుప్పు మొదలవుతుంది. ప్రతి భాగానికీ మోడల్ నంబర్, సీరియల్ నంబర్ రాసిన జీఎస్టీ బిల్లు అడగండి, బిల్లు లేకుండా తగ్గించిన రేటు వారంటీ రోజున గుర్తొస్తుంది.

తమ్ముడూ, నువ్వు చేయాల్సింది ఇదీ. ఆ షాపుకే వెళ్లు, వేరే షాపు అక్కర్లేదు, మర్యాదగా కూర్చుని, ప్రాసెసర్ నంబరు, బోర్డు మోడలు, ర్యామ్ ఎన్ని ముక్కలు, ఎస్ఎంపీఎస్ కంపెనీ, మోడలు, అన్నీ పూర్తిగా రాసి ఇవ్వమను. ఎస్ఎంపీఎస్ లేబుల్ ఫొటో తీయి, 12 వోల్టుల గడి కనిపించేలా. రెండూ నాకు పంపు, డబ్బు కట్టేముందు చూసి చెబుతాను. ఈలోగా ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఆ బల్బు పరీక్ష చేయించమని నాన్నగారికి చెప్పు.