ఇంటి కప్పు మీద నుంచి జారిన వాన నేలలోకి ఏం మోసుకెళ్తుంది?

"వాన నీళ్ళే కదా, వాటిలో ఏముంటుంది?" ఈ మాట విన్నప్పుడల్లా నాకు మనసు ఆగదు. మీ ఇంకుడు గుంతలోకి దిగేది ఉత్త వాన కాదండీ, కప్పును కడిగిన నీళ్ళు.

గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల శుభ్రమైన వానకే పీహెచ్ 5.6 దగ్గర ఉంటుంది. అంటే కాస్త ఆమ్లం. ఆ నీరు జింక్ పూత రేకుల మీద పడితే జింక్‌నీ, రాగి కప్పు మీద పడితే రాగినీ, పాత అతుకుల దగ్గర సీసాన్నీ కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. స్టాక్‌హోమ్‌లో కొలిచినప్పుడు రంగు వేయని జింక్ కప్పు నుంచి చదరపు మీటరుకు ఏటా సుమారు 2 గ్రాములు, ఆ పైన కూడా జారినట్టు తేలింది. 100 చదరపు మీటర్లకు లెక్కేస్తే ఏడాదికి 200 గ్రాములు! లోహం కాబట్టి కుళ్ళదు, ఆవిరి కాదు.

మరి నేల వడపోయదా? పోస్తుంది. నేలను ఒక బస్సు అనుకోండి. బంకమట్టి, కుళ్ళిన ఆకులు, ఇనుప ఆక్సైడ్లు అందులో సీట్లు. మొదటి రెండింటి మీద రుణావేశం, లోహ అయాన్ల (నీళ్ళలో కరిగిన లోహ కణాల) మీద ధనావేశం, అందుకే వచ్చి కూర్చుంటాయి. సీసం కూర్చుందంటే తొందరగా లేవదు. జింక్ తేలిగ్గా లేస్తుంది. రాగి సంగతి వేరు, నీళ్ళలో కరిగిన సేంద్రియ పదార్థం చెయ్యి పట్టుకుని దిగిపోతుంది. నేల ఆమ్లమైతే హైడ్రోజన్ అయాన్లు ఎక్కి, కూర్చున్నవాళ్ళనే లేపేస్తాయి. వాళ్ళు దిగేది భూగర్భజలం స్టాపులో.

ఇసుక నేల సీట్లు తక్కువున్న బస్సు. కంకర మాత్రమే నింపిన గుంతలో దాదాపు సీట్లే లేవు! నాకు అసలు బాధ ఇక్కడే. ఇంకుడు గుంతలు కావాలి, తప్పకుండా కావాలి. కానీ సీట్లున్న పైమట్టిని దాటించి నీటిని నేరుగా లోపలికి పంపేస్తున్నాం.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఎండల తర్వాత పడే తొలి వానలోనే మురికీ లోహాలూ ఎక్కువ, దాన్ని పక్కకు మళ్ళించండి. ఎంత నీరు మళ్ళించాలో లెక్కకు, 100 చదరపు మీటర్ల కప్పుకు 1 మిల్లీమీటరు వాన అంటే 100 లీటర్లు. రేకులకు సీసం లేని రంగు వేయండి. నీటిని ముందు గడ్డి ఉన్న మట్టి పొర గుండా పోనివ్వండి. తాగే నీటిలో సీసానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములే, కాబట్టి దగ్గర్లో బావి ఉంటే పరీక్ష తప్పనిసరి. జింక్‌తో మనకంటే చేపలకూ నాచుకూ ముప్పు ఎక్కువ.

కొన్నేళ్ళకోసారి ఆ పైమట్టినీ పరీక్ష చేయించండి. సీట్లు నిండాయని తేలితే తీసి కొత్త మట్టి వేయాలి. తీసిన మట్టిని మాత్రం కూరగాయల మడిలో పోయకండి.