అమ్మ పోయినప్పుడు "హమ్మయ్య" అనిపిస్తే

హోస్ట్: అక్కా, సూటిగా అడుగుతా. మంచాన పడ్డ అమ్మానాన్నల్ని చూసుకునేవాళ్లకి విసుగొస్తుంది, కోపమొస్తుంది, ఆ వెంటనే "ఛీ, నేనేం మనిషిని" అనిపిస్తుంది. వీటిలో ఎక్కువ బాధపెట్టేది ఏది?

గెస్ట్: చివరిదే తమ్ముడూ. విసుగు కాసేపుండి పోతుంది. "నేనేం మనిషిని" అన్నది మాత్రం ఏళ్ల తరబడి వదలదు. అమ్మకి పక్షవాతం వచ్చాక రాత్రిళ్లు రెండేసి గంటలకోసారి లేచి పక్కకి తిప్పేదాన్ని, లేకపోతే వీపు మీద పుళ్లు పడతాయి కదా. ముక్కు గొట్టంలోంచి జావ పోయడం, డైపర్ మార్చడం, మళ్లీ పక్కకి తిప్పడం, ఏళ్లు ఇలాగే గడిచాయి. ఆవిడ పోయిన రోజు నా నోట్లోంచి మొదట వచ్చింది "హమ్మయ్య". ఏడుపు తర్వాతెప్పుడో వచ్చింది. పెద్దకర్మ రోజు చుట్టాలంతా "కూతురంటే ఇలా ఉండాలి" అంటుంటే ఎక్కడైనా దాక్కుందామా అనిపించింది.

హోస్ట్: ఎవరికైనా చెప్పారా?

గెస్ట్: ఎవరికి చెప్పుకుంటాం? చిన్నప్పటినుంచి కామం, క్రోధం, లోభం అంటూ ఆరింటినీ శత్రువుల లెక్కలోనే విన్నాం, మనసులోకి వస్తేనే పాపం అనుకుంటాం. ఆ "హమ్మయ్య" అమ్మ మీద ప్రేమ లేక వచ్చింది కాదు. ఏళ్లుగా నిద్రలేని ఒళ్లు అన్న మాట అది. ఆవిడ యాతన తీరిందన్న ఊరట కూడా అందులో ఉంది.

హోస్ట్: 2018లో మనస్తత్వ శాస్త్రవేత్తలు బ్రెట్ ఫోర్డ్, ఐరిస్ మాస్ బృందం 1,300 మందికి పైగా జనం మీద చేసిన పరిశోధన వచ్చింది. దుఃఖం, కోపం లాంటివి కలిగినప్పుడు తమని తాము తప్పుపట్టుకోనివాళ్ల మానసిక ఆరోగ్యం మెరుగ్గా కనిపించింది. నాకు ఆసక్తిగా అనిపించింది ఏంటంటే, పరిస్థితితో రాజీపడటంతో కాదు, మనసుకి అనిపించినదాన్ని ఒప్పుకోవడంతోనే ఆ మేలుకి సంబంధం కనబడింది.

గెస్ట్: అదే కదా! పనంతా నా మీదే పడటం అన్యాయమని అనుకుంటూనే ఉండొచ్చు, అన్నదమ్ముల్ని గట్టిగా అడగొచ్చు, కావాలంటే పోట్లాడొచ్చు కూడా.

హోస్ట్: మరి కోపమొచ్చిందని అమ్మ మీద అరిస్తే?

గెస్ట్: అది తప్పే, సారీ చెప్పాల్సిందే. చెయ్యి విసురుగా లాగినా తప్పే. కానీ అరవాలనిపించడం నేరం కాదు. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు అన్నీ లోపల కుక్కుకుంటారు, చివరికి అది మంచం మీదున్న మనిషి మీదే పడుతుంది. "ఇవాళ నాకు చాలా విసుగ్గా ఉంది" అని పైకి అనడం అలవాటయ్యాకే నేను అమ్మకి స్నానం చేయిస్తూ మళ్లీ కబుర్లు చెప్పగలిగాను.

హోస్ట్: నిద్ర పట్టక, తిండి సయించక, బతకాలని లేదు అనేదాకా వస్తే?

గెస్ట్: అప్పుడు ఒక్క రోజు కూడా ఆగకూడదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, ఉచితం. ఇంట్లోవాళ్లకి ఒక మాట. చూసుకునే మనిషి "విసుగొస్తోంది" అంటే "అలా అనకూడదు, కళ్లు పోతాయి" అనకండి. "ఈ రాత్రికి నేనుంటా, నువ్వెళ్లి పడుకో" అనండి, అని నిజంగా ఉండండి.